నాయన నడుముకు తగిన పిస్తోలు

మా నాయన నడుము చుట్టుకొలత ముప్పైఎనిమిది అంగుళాలని నాకు మొదటిసారి తెలిసింది చెన్నైలో తుపాకులమ్మే అంగడిలో. అంగడి యజమాని బల్ల దాటి ఇవతలికి వచ్చి, చొక్కా కాస్త పైకెత్తమని, దర్జీలాగా టేపు చుట్టి చూసి, ఆ అంకెను ఒక చీటీ మీద రాసుకున్నాడు. నాయన ఊపిరి బిగబట్టి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయించుకున్న రోజు కూడా ఆయన అలాగే నిలబడ్డాడు. ఆ ఎక్స్‌రేకూ ఈ కొలతకూ మధ్య గడిచింది మూడు వారాలే.

ఎక్స్‌రే ఎందుకు అవసరమైందో ముందు చెప్పాలి. మా ఊరు తిరుత్తణికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. మాది తెలుగు మాట్లాడే సేద్యగాళ్ళ కుటుంబం. బడి, బస్సు, కోర్టు అన్నీ తమిళంలోనే. ఊరి ఏరి కింద, అంటే చెరువు కింద, నీళ్ళు వదిలే తూము పక్కనే మా మడి. ఒక వేసవిలో ఏరిలోని పూడిక మట్టిని పొలాలకు తోలుకోవచ్చని అనుమతి వచ్చింది. పూడిక అయిపోయాక కూడా టిప్పర్లు ఆగలేదు. మట్టి పోయింది, దాని కింది ఇసుక పోయింది, చివరికి తూము పునాది రాళ్ళు బయటపడ్డాయి. నాయన అర్జీ పెట్టాడు. అది కేసయింది. ఆ కేసులో మొదటి సాక్షి నాయనే. టిప్పర్లు తోలించే పెద్దమనిషి పరాయివాడు కాడు, మా అమ్మకు పెద్దమ్మ కొడుకు. నాకు మామ, నాయనకు బావ.

ఒక సాయంత్రం నాయన మడి నుంచి మోటారుబండి మీద వస్తుండగా నంబరు పలక లేని టిప్పరొకటి వెనక నుంచి వచ్చి, ఆయన్ను రోడ్డు అంచుకు, అంచు నుంచి కాలవలోకి నెట్టి, వేగం తగ్గించకుండా వెళ్ళిపోయింది. మెడ కింది ఎముక చిట్లింది. నాలుగు రోజుల తరువాత కట్టుతోనే టీ అంగడికి పోతే అక్కడెవరో గ్లాసులోకి చూస్తూ, "తూము కాడ మడి ఉండేటోళ్ళకు చూపు రొంత తక్కువుంటే ఆయుసు రొంత ఎక్కువుంటాది" అన్నారట. అందరూ నవ్వారట. అన్నదెవరో నాయన మాకు చెప్పలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర మాత్రం, తిరువళ్ళూరు కలెక్టరాఫీసులో తుపాకి లైసెన్సుకు మను, అంటే దరఖాస్తు, ఇచ్చి వచ్చానని, కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా చెప్పాడు.

నేను కళాశాలలో చదివిన రోజులన్నీ పట్టిమన్రాల్లో గడిపినదాన్ని. ఒకే విషయం మీద రెండు పక్షాలు వేదికెక్కి వాదించుకునే ఆ పోటీల్లో, చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షాన నిలబడి గెలవడం నేర్చుకున్నాను. అయితే ఈ విషయంలో నాకు చీటీ అక్కరలేదు. ఆయుధం ఇంట్లోకి రాకూడదని నేను నమ్మాను, నమ్మినదాన్ని ఆ రాత్రే విన్నవించాను. లారీ వెనక నుంచి వస్తే నడుములోని తుపాకి ఏం చేస్తుందన్నాను. మన దగ్గర ఒకటి ఉందని తెలిస్తే వాళ్ళు రెండు తెచ్చుకోరా అన్నాను. చట్టాన్ని నమ్మి సాక్ష్యం చెప్పబోయే మనిషి నడుములో తుపాకి పెట్టుకుంటే ఆ నమ్మకానికి అర్థమేమిటన్నాను. నాయన అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు.

"నువ్వు చెప్పేదంతా సరే పాపా. రేప్పొద్దున మడికి పోవాల్సింది నేను, నువ్వు కాదు."



మరి అంగడికి ఆయన వెంట నేనెందుకు వెళ్ళానంటే, భయం వల్ల. ఒద్దంటున్న వస్తువు వచ్చి తీరుతుందని తెలిశాక, అది తప్పుడు వస్తువు కాకుండా చూడాలన్న భయం ఇంకొకటి పుట్టింది.

అంగడి యజమాని ముత్తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన కుటుంబం వాడు. మా తెలుగు విని కుర్చీలు వేయించాడు.

"ముందే ఒక మాట సార్. లైసెన్సు రాకుండా నేను మీ చేతికియ్యను. చూపిస్తాను, అంతే. ఏ సైజు గొట్టం, మేము బోరంటాం, మామూలు జనానికి ఇస్తారో అందులోవే ఈ రెండూ."

నల్లటి గుడ్డ మీద రెండు తుపాకులు పెట్టాడు. ఒకటి రివాల్వరు, ఒకటి పిస్తోలు. రెండూ నా అరచేతి కంటే కొంచెమే పెద్దవి. అంత చిన్నవిగా ఉంటాయని నేను అనుకోలేదు. చిన్నవి కావడం వల్లనే నాకు ఎక్కువ భయమేసింది.

"ఈ రివాల్వరులో ఆరు గుండ్లు. లాగే పని లేదు, తిప్పే పని లేదు, నొక్కితే పేలుతుంది. కాని ఈ చక్రముంది చూశారా, ఇది నడుములో ఉబ్బెత్తుగా కనబడుతుంది. ఈ పిస్తోలు బల్లపరుపు. చొక్కా కింద ఉన్నట్టే తెలీదు. అయితే పై భాగం వెనక్కి లాగాలి, పక్కన మీట ఒకటుంది, అది గుర్తుండాలి. భయంలో వేళ్ళు మన మాట వినవు సార్."

"రెండింట్లో ఏది మంచిది?" అన్నాను.

"దాచుకోడానికా అమ్మా, కాల్చడానికా?"

నేను నాయన వైపు చూశాను. నాయన గుడ్డ వైపే చూస్తున్నాడు.

"చాలామంది దాచుకోడానికే కొంటారు. అది మంచిదే," అని అంగడాయన తనకు తానే జవాబు చెప్పుకున్నాడు.

"చిన్నదేదో అదియ్యండి," అన్నాడు నాయన.

"చిన్నదైతే చెయ్యి ఎక్కువ అదురుతుంది సార్. బరువు తక్కువ కదా. ఇంతకూ ఎక్కడ పెట్టుకుంటారు?"

నాయన తన పంచ మడతను తట్టి చూపించాడు. అంగడాయన తల అడ్డంగా ఊపాడు.

"పంచ కుదరదు. ప్యాంటు, మందమైన బెల్టు, దానికి తోలు ఒర. అలా ఉంటేనే నిలుస్తుంది."

"ప్యాంటేసుకొని మళ్ళోకి దిగితే నాటే ఆడోళ్ళు పని ఇడిచిపెట్టి నవ్వుతారు. వాళ్ళని నవ్వకుండా చేసేదానికి ఇంకో తుపాకి కొనాల."

అంగడాయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తరువాత మేము చాలాసేపు వాదించుకున్నాము. రివాల్వరే తీసుకోవాలని నేను పట్టుబట్టాను. మీట మరిచిపోతే పిస్తోలు ఇనప ముక్కతో సమానమని, ఒక్క కదలికతో పనిచేసేదే సాధన లేని చేతికి తగినదని, అంగడాయన చెప్పినదాన్నే ఆయన కంటే గట్టిగా చెప్పాను. మధ్యలో నా గొంతు నాకే వినిపించింది. 'ఒద్దు' అన్న పక్షం నుంచి 'ఏది మేలు' అన్న పక్షంలోకి నేను ఎప్పుడు మారానో నాకు తెలియలేదు.

నాయన పిస్తోలునే ఎంచుకున్నాడు. అంగడాయన దాని పొడవు, ఎత్తు, మందం, బరువు నడుము కొలత రాసిన చీటీ మీదనే రాసి ఇస్తూ, "లైసెన్సు వచ్చేలోపల ఈ కొలతలో, ఈ బరువులో ఏదైనా చేయించుకుని నడుములో పెట్టుకు తిరగండి. కూర్చోండి, లేవండి, బండెక్కండి. మీకు సరిపడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది," అన్నాడు.

ఆ సలహా నాయనకు నచ్చింది. ఊళ్ళో వడ్రంగి దగ్గర చేయిస్తే మాట పాకుతుందని తిరుత్తణిలో ఒకాయన దగ్గర చేయించాడు. వేప కొయ్య. బరువు కోసం లోపల తొలిచి ఇనుము దిగ్గొట్టించి, నల్లరంగు పూయించాడు. మనవళ్ళకా అని వడ్రంగి అడిగితే అవునన్నాడు. నాయన అబద్ధం చెప్పడం నేను అంతకుముందు వినలేదు.

ఆ కొయ్యను ఆయన పంచ మడతలో పెట్టుకుని పది పన్నెండు రోజులు తిరిగాడు. ప్యాంటు వేసుకోలేదు. కూర్చునేటప్పుడు కుడివైపుకు ఒరిగేవాడు. పది అడుగులకోసారి చెయ్యి నడుము మీదికి పోయేది. దాచిపెట్టిన చోటును చెయ్యే చూపిస్తున్నదని ఆయనకు చెప్పాను. రెండు రోజులు చెయ్యి వెనక్కి కట్టుకుని నడిచాడు, అది ఇంకా విడ్డూరంగా ఉండింది.

"గోచిలో తేలు పెట్టుకున్నోడి మాదిరి నడస్తా ఉండావు," అంది అమ్మ.

"అలవాటైపోతాదిలే."

"తేలుకా, నీకా?"

ఆడి కృత్తిక వచ్చింది. మా ప్రాంతమంతా తిరుత్తణి కొండకు పూల కావళ్ళు మోసుకుపోయే పండుగ అది. మా ఊరి మీదుగా నడిచిపోయేవాళ్ళకు మజ్జిగ ఇవ్వడం ఊరి ఆనవాయితీ. మొక్కు కట్టుకున్నవాడిని కావడి దించేదాకా పేరు పెట్టిగాని, వరస పెట్టిగాని పిలవకూడదు. వాడు ఎవరైనా సరే సామి. ఎదురుపడితే, మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకున్న పంచను పాదాల దాకా దించి, కాళ్ళకు మొక్కాలి. చిన్నవాళ్ళకు పెద్దవాళ్ళు కూడా మొక్కుతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇందులో మినహాయింపు చూడలేదు.

ఆ మధ్యాహ్నం నాయన పంచ ఎగ్గట్టి గంగాళం దగ్గర గ్లాసులు నింపుతున్నాడు. నేను అందిస్తున్నాను. ఒక గుంపు "అరోహరా" అంటూ వచ్చింది. ముందు నడుస్తున్నది మామ. పసుపు పంచ, ఒంటి నిండా విభూతి, భుజం మీద పూలకావడి, చెప్పుల్లేని కాళ్ళు. అరికాళ్ళు పొక్కి ఉన్నాయి. ఆయన వెనక ఆయన మనుషులు ఇద్దరు, వాళ్ళూ పసుపు బట్టల్లోనే. నాయనను లోపలికి పంపేద్దామని నేను వెనక్కి తిరిగేసరికి ఆయన ముందుకు వచ్చేశాడు.

ఆలోచించి చేసిన పని కాదు. నలభై ఏళ్ళుగా చేతులకు అలవాటైన పని. సామి ఎదురుగా నిలబడ్డాడు, నాయన చేతులు ఎగ్గట్టిన ముడిని లాగాయి, పంచ అంచు పాదాల దాకా దిగింది, దానితోపాటు మడత వదులై ఆ నల్లటి కొయ్య కాలి వెంబడి జారి తారురోడ్డు మీద ఠప్పున పడింది. అప్పటికే నాయన వంగి మొక్కుతున్నాడు. ఆయన తలకూ మామ పాదాలకూ మధ్య అది పడి ఉంది.

మామ వెనకనున్న ఇద్దరిలో ఒకడు ఒక అడుగు వెనక్కి వేశాడు. మామ కావడిని ఎడమచేత్తో పట్టుకుని, నెమ్మదిగా వంగి, కొయ్యను తీశాడు. అరచేతిలో బరువు చూశాడు. గోటితో గీకాడు. నల్లరంగు లేచి లోపలి కొయ్య కనబడింది.

"కొయ్యది," అన్నాడు వెనకవాళ్ళకు. తరువాత నాయనతో, చాలా మెల్లగా, "నిజమైంది వచ్చేసిందా?" అన్నాడు.

ఉందని చెప్పాలి. ఇంట్లో ఉందని, రేపే వస్తుందని, ఏదో ఒకటి చెప్పాలి. నేను మనసులో నాయనకు మాటలు అందిస్తున్నాను. కాని మొక్కులో ఉన్నవాడికి అబద్ధం చెప్పకూడదు. వడ్రంగికి చెప్పవచ్చు, సామికి చెప్పకూడదు.

"ఇంకా రాలే సామీ. మను ఇచ్చినా. ఎన్నాళ్ళవుతాదో తెలీదు."

మామ తల ఊపాడు. కొయ్యను రెండు చేతులతో ఇవ్వాలని చూసి, కావడి అడ్డమొస్తే, కుడిచేత్తోనే ఇచ్చాడు. మజ్జిగ ఒక గ్లాసు అడిగి నిలబడి తాగాడు. గ్లాసు నాకిస్తూ, "అమ్మ బాగుండాదా?" అన్నాడు. బాగుందన్నాను. గుంపు సాగిపోయింది.

ఆ రోజు తరువాత నాకు నిద్ర సరిగా పట్టలేదు. మా పరిస్థితిని వాదనలాగా పేర్చుకుని చూసినప్పుడల్లా ఒకే చోట ఆగేదాన్ని. నాయనకు తుపాకి కావాలన్న కోరిక ఉందని ఇప్పుడు వాళ్ళకు తెలుసు. చేతిలో తుపాకి లేదనీ తెలుసు. అది వచ్చేలోపల ఏదైనా చేయదలుచుకుంటే చేయవలసింది ఇప్పుడేననీ తెలుసు. సాక్ష్యం తేదీ పడింది. లైసెన్సు తేదీ ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి ఆ ఆయుధాన్ని నాయన కంటే ఎక్కువగా కోరుకున్నది నేను. రెండుసార్లు ఎలక్ట్రిక్ రైలెక్కి తిరువళ్ళూరు వెళ్ళి మను ఎక్కడుందో కనుక్కున్నాను. పోలీసు విచారణ పూర్తి కావాలన్నారు. ఒక ఉదయం విచారణకు ఇన్‌స్పెక్టరు మా ఇంటికే వచ్చాడు. నెమ్మదైన మనిషి. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, నన్ను చూసి తమిళంలో, ఇంట్లోవాళ్ళకు అభ్యంతరం ఏమైనా ఉందా అని అడిగాడు.

నేను లేచి నిలబడి పది నిమిషాలు మాట్లాడాను. టిప్పరు, కాలవ, ఎముక, టీ అంగడి మాట, సాక్షిని కాపాడవలసిన బాధ్యత, ఆత్మరక్షణ హక్కు, అన్నీ క్రమంలో పెట్టాను. మనిషి మీదికి వస్తే నాయన ఏ పరిస్థితిలో, ఎంత దూరంలో, ఎందుకు కాల్చవలసి వస్తుందో కూడా వివరించాను. ఎక్కడా తడబడలేదు. మూడు నెలల కింద ఇదే ఇంట్లో చెప్పిన ప్రతి అభ్యంతరాన్నీ నేనే ఖండించాను. కూర్చున్నాక ఇన్‌స్పెక్టరు నాయన వైపు తిరిగాడు.

"మీ అమ్మాయి బాగా చెప్పింది. మీరు ఒక్కదానికి జవాబివ్వండి. ఆయన మీ ఎదుటికి వస్తే కాల్చగలరా?"

నాయన కాఫీ గ్లాసు పక్కకు జరిపాడు.

"బావ సార్ ఆయన. మొన్ననే కాళ్ళకు మొక్కినా."

ఇన్‌స్పెక్టరు ఫైలు మూశాడు. బాగా ఆలోచించుకుని స్టేషనుకు వచ్చి చెప్పమని, ఈలోగా సాక్ష్యం విషయంలో రక్షణ కోరుతూ వేరే అర్జీ పెట్టుకోవచ్చని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన బండి సందు తిరిగాక నాయన నన్ను పిలిచాడు.

"నువ్వు చెప్తా ఉంటే బావ సచ్చిపోయినట్టే ఉండింది పాపా. నీ మొగం చూస్తా ఉండా. నీకు రొంత గూడా బయం లేదు అప్పుడు."

అది నిజం. ఆ వేసవి మొదలైనప్పటి నుంచి నాకు భయం లేని కాలం ఆ పది నిమిషాలే. ఆయన చెప్పేదాకా నేను గమనించలేదు. గమనించాక, టిప్పరు గురించి తలచుకున్నప్పటి చలికంటే వేరే చలి ఒంట్లోకి దిగింది.

మనును వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం రాయమన్నాడు. నేను ఒప్పుకోలేదు. "ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నీ చేతిలో ఏమీ లేదని, ఇంకెప్పుడూ ఉండదని రాసిచ్చినట్టే నాయనా. ఆఫీసులో పది మంది చదువుతారు."

"చదవనీ."

"సాక్ష్యం?"

"ఒగటి ఇడుస్తా ఉండా. రెండోది ఇడిసేది లేదు."

తమిళంలో మూడు వాక్యాల కాగితం అది. కారణం అన్న చోట ఏం రాయాలని అడిగితే, "నా చేత కాదు అని రాయి" అన్నాడు. నేను "సొంత కారణాల వల్ల" అని రాశాను. ఆయన చదివించుకుని, కొట్టించి, తను చెప్పిందే రాయించాడు. రక్షణ కోరుతూ రెండో అర్జీ కూడా రాశాను. దాని మీదా సంతకం పెట్టాడు. రెండూ ఇచ్చి వచ్చాము. రెండో దానికి జవాబు ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం నాయన ఫోను తీసి మామకు చేశాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఫోను స్పీకరులో పెట్టాడు, చెవికి ఆనించుకుంటే చిట్లిన ఎముక ఇంకా లాగుతుందని.

"బావా, నేనే. ఆ లైసెన్సు ఒద్దని రాసిచ్చేసినా. నీకు వేరే ఎవురో చెప్పేదానికంటే నేనే చెప్తే మేలని చేసినా. సాక్ష్యం మాత్రం చెప్తా. అది నీకు తెలిసుండాల."



"ఏ తేదీ బావా?" అన్నాడు మామ.

నేను నాయన చెయ్యి పట్టుకున్నాను. మామ ఇప్పుడు సామి కాడు. కావడి ఎప్పుడో దించాడు. తేదీ ఆయన వకీలే చెప్పగలడు, నాయన చెప్పకపోయినా తప్పు లేదు. నాయన నా చెయ్యి విడిపించుకోకుండానే తేదీ చెప్పాడు.

"రోడ్డు మీదనా, రైల్లోనా?"

"రైల్లో. పొద్దున బండికి. పాప గూడా వస్తాది."

"సరే బావా," అని మామ ఫోను పెట్టేశాడు.

బంధువు అడిగినా ఆ రెండు ప్రశ్నలే అడుగుతాడు. దారి కాచేవాడు అడిగినా అవే అడుగుతాడు. నేను ఇది రాస్తున్న నాటికి ఆ తేదీకి ఆరు రోజులుంది. నాయన పొద్దున్నే లేచి, పంచ ఎగ్గట్టి, రెండు చేతులూ ఊపుకుంటూ మడికి పోతున్నాడు. ఆయన వెనక్కి వచ్చేదాకా నేను వీధి అరుగు మీద కూర్చుంటున్నాను.